తాతకు లేని సర్టిఫికెట్టు మనవరాలికి ఎందుకు?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గర ఒక గోండు గూడెం. బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను, సైకాలజీ ఒక సబ్జెక్టు. మా తాత ఊరి దేవారి, అంటే పూజారి. ఎవరికైనా నిద్ర పట్టకపోయినా, ఇంట్లో చావు తర్వాత మనిషి మాట్లాడటం మానేసినా ముందు ఆయన దగ్గరికే వస్తారు. పోయిన ఏడాది మా మేనత్తను పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే అయిదు నిమిషాలు తెలుగులో ప్రశ్నలు అడిగి, 'పెద్దగా ఏమీ లేదు' అని మాత్రలు రాసిచ్చి పంపారు. ఆమె ఇప్పటికీ అలాగే ఉంది. మా వాళ్ల మానసిక ఆరోగ్యం మీదే పనిచేయాలని నా కోరిక. ఆన్‌లైన్‌లో 'ఆదివాసీ హీలింగ్' సర్టిఫికెట్ కోర్సు ఒకటి కనిపించింది, ఫీజు నలభై వేలు. అమ్మ మాత్రం బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటోంది. నేను ఏ దారి పట్టాలి?

జవాబు: ముందు ఆ నలభై వేల సంగతి తేల్చుకుందాం. కట్టకండి. మీ తాతగారు రూపాయి తీసుకోకుండా చేసే పనిని ఎవరో పది వీడియోలుగా కోసి, తిరిగి మీకే అమ్ముతున్నారు. ఆ కాగితంతో మీరు ఏ ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టలేరు. పెట్టినా మొదటి వడపోతలోనే పక్కన పడేస్తారు.

మన దేశంలో మానసిక ఆరోగ్య నిపుణులని ఎవరిని పిలవాలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. సైకియాట్రిస్టు, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదైన క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మానసిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సు ఆ జాబితాలో ఉన్నారు. ఆయుర్వేదం, హోమియో, యునాని, సిద్ధ వైద్యాల్లో ఆ విభాగంలో పీజీ చేసినవారికీ చోటిచ్చారు. దేవారికి మాత్రం లేదు. ఇది న్యాయమేనా అంటే నా దగ్గర సూటి జవాబు లేదు. కానీ మీ మేనత్త ఆ గదిలో కూర్చున్నప్పుడు బల్లకు అవతలివైపు ఎవరుండాలో నిర్ణయించేది ఆ జాబితాయే. మీరు ఆ కుర్చీలో కూర్చోవాలి, గోండిలో మాట్లాడాలి. నా సలహా మొత్తం ఈ రెండింటినీ కలపడం గురించే.

మీ మేనత్తకు జరిగినట్టే జరగడం నేను ఒకసారి కళ్లారా చూశాను. చాలా ఏళ్ల క్రితం ఒక గూడెంలో వైద్య శిబిరానికి వెళ్లాను. ఒక కుర్రవాడు కాగితం పట్టుకుని ముసలామెను అడుగుతున్నాడు: 'గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా?' ఆమె నవ్వింది. 'పని మీద ఆసక్తి ఏమిటి బాబూ, పని ఉంటే చేస్తాం' అంది. అతను 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాడు. పక్కనే ఉన్న ఆశా కార్యకర్త ఆమెతో వాళ్ల భాషలో ఏదో మాట్లాడి నా వైపు తిరిగింది: 'రెండేళ్లుగా ఈమె దండారికి వెళ్లలేదట సార్.' దీపావళి ముందు రోజుల్లో గుస్సాడీ నృత్యకారులు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఊరికి ఊరే కదిలే పండుగకు ఒక గోండు మనిషి రెండేళ్లుగా గడప దాటలేదంటే, అంతకన్నా పెద్ద లక్షణం ఏ పుస్తకంలో దొరుకుతుంది? ఆ కాగితంలో మాత్రం దానికి గడి లేదు.

ఆ గడి గీయాల్సింది మీలాంటివారే. బయటి దేశాల్లో కొందరు గీశారు కూడా. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో హరారేలోని ఎంబారే అనే పేదల పేటలో పద్నాలుగు మంది అవ్వలతో పని మొదలుపెట్టాడు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఒక చెక్క బెంచీ, దాని మీద ఒక అవ్వ. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవారు ఆమె పక్కన కూర్చుంటారు. ఆయన మొదట దానికి 'మానసిక ఆరోగ్య బెంచీ' అని పేరు పెట్టాడు. ఆ పేరు పెడితే ఎవరూ రారని అవ్వలే 'స్నేహపు బెంచీ' అని మార్పించారు. డిప్రెషన్ అన్న మాటను కూడా పక్కన పెట్టారు. షోనా భాషలో 'కుఫుంగిసిసా' అనే మాట ఉంది. అతిగా ఆలోచించడం అని దాని అర్థం. మన వాళ్లు 'ఆలోచనలు ఎక్కువైపోయాయి' అంటారే, అచ్చం అదే. ఆ మాటతోనే మొదలుపెట్టి, మనసు విప్పించి, ఉన్న సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకుని దానికి దారి వెతికిస్తారు. ఇరవై నాలుగు ఆరోగ్య కేంద్రాల్లో 573 మందితో దీన్ని పరీక్షించారు. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవారికన్నా అవ్వల దగ్గర కూర్చున్నవారిలో బాధ బాగా తగ్గింది. 2016లో ఆ ఫలితాలు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయ్యాయి.

న్యూజిలాండ్‌లో మావోరీ జాతికి చెందిన సైకియాట్రిస్టు మేసన్ డ్యూరీ 1980ల్లో ఆరోగ్యాన్ని నాలుగు గోడల ఇంటిగా చెప్పాడు. ఒంటికి ఒక గోడ, మనసుకు ఒకటి, కుటుంబానికి ఒకటి, ఆత్మకు ఒకటి. ఒక్క గోడ కూలినా ఇల్లు నిలవదు. ఇది విని మీ తాతగారు 'ఇందులో కొత్త ఏముంది' అనవచ్చు. నిజమే, ఆయనకు కొత్త కాదు. కానీ ఆ మాటను వైద్య కళాశాలలోకి, ప్రభుత్వ విధానంలోకి తీసుకెళ్లగలిగింది డాక్టరు పట్టా ఉన్న మావోరీ మనిషి. చిబాండా, డ్యూరీ ఇద్దరి జేబులోనూ లైసెన్సు ఉందన్న సంగతిని ఈ కథలు చెప్పేవారు తరచుగా మరిచిపోతారు.

మరో సంగతి మీ ప్రాజెక్టు పనికి పనికొస్తుంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని ఆదివాసీ సమూహాల్లో యువత ఆత్మహత్యల మీద చాండ్లర్, లలోండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆదివాసీలందరిలోనూ ఈ సమస్య ఒకేలా ఉందన్న అభిప్రాయం తప్పని తేలింది. భూమి హక్కు కోసం పోరాడిన, తమ బడినీ ఆరోగ్య కేంద్రాన్నీ సాంస్కృతిక మందిరాన్నీ తామే నడుపుకుంటున్న సమూహాల్లో ఆత్మహత్యలు చాలా తక్కువ. వారు చూసిన ఆరు అంశాలూ ఉన్న చోట, ఆ అయిదేళ్ల లెక్కల్లో యువత ఆత్మహత్య ఒక్కటీ లేదు. పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి కుంగిపోయిన మనిషికి మాత్ర ఒక్కటే ఎందుకు చాలదో ఇది చదివాక మీకు బాగా అర్థమవుతుంది. మీరు సైకాలజీతోపాటు అటవీ హక్కుల చట్టం, ఆదివాసీ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన పెసా చట్టం కూడా చదవాలని నేను పట్టుబట్టేది అందుకే.

మీ ఇంటి వైపు చూద్దాం. కేస్లాపూర్‌లో నాగోబా పూజకు ముందు మెస్రం వంశీయులు ఆ ఏడాది పోయిన తమవారి పేరిట తూమ్ చేస్తారు. మీరు మెస్రం కాకపోయినా చూసే ఉంటారు. చావు జరిగిన ఇల్లు ఒంటరిగా ఏడవకుండా వంశమంతా ఒకచోట కూర్చుని పోయినవారిని తలుచుకునే ఏర్పాటు అది. కర్మకాండల్లో గోండుల కథాగాయకులైన ప్రధాన్‌లు కిక్రి అనే తీగవాద్యం వాయించి వంశకథ పాడేటప్పుడు పోయిన మనిషికీ ఆ కథలో చోటు దొరుకుతుంది. దీన్ని 'థెరపీ' అని పిలవాలని మీకు రేపు ఎవరైనా చెబుతారు. పిలవకండి. తూమ్ తూమే. ఆ పాటలను ఫోనులో రికార్డు చేసి సెమినార్‌లో వినిపించే ముందు పాడినవారి అనుమతి అడగాలి, ఇవ్వకపోతే ఊరుకోవాలి.

అలాగని ఊళ్లో జరిగేదంతా మంచిదే అనుకోవద్దు. ఇక్కడ కొంచెం కటువుగా చెప్పాలి. బాణామతి చేసిందన్న అనుమానంతో మనుషులను చెట్టుకు కట్టి కొట్టిన చరిత్ర మన తెలంగాణ పల్లెలకు ఉంది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. దర్గా దయతో నయమవుతుందని ఇంటివారు వదిలి వెళ్లిన మనుషులు వాళ్లు. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేకపోయారు. 2017 చట్టంలోని 95వ సెక్షన్ మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. మూర్ఛ, బాలింత ఉన్మాదం, స్కిజోఫ్రేనియా లాంటివి కనిపించినప్పుడు మీ తాతగారే 'వీళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లండి' అనగలగాలి. ఆయన మాట ఊరు వింటుంది, డాక్టరు మాట వినకపోవచ్చు. ఆయనకు ఆ గుర్తులు నేర్పేది, ఆయన దగ్గర మీరు నేర్చుకునేది ఒకే అరుగు మీద జరగాలి. గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో 'ఆత్మీయత' పేరుతో నడిచిన కార్యక్రమం ఇలాంటిదే. ఊళ్లోవాళ్లకే శిక్షణ ఇచ్చి, దిగులుపడ్డవారితో కొన్ని వారాలు మాట్లాడించి, అవసరమైతే ఆసుపత్రికి, పింఛను కార్యాలయానికి కూడా పంపుతారు.

ఇక చదువు. మీకు రెండు దారులున్నాయి.

క్లినికల్ సైకాలజీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు కావాలి. ఇన్నాళ్లూ రెండేళ్ల ఎం.ఫిల్. దానికి దారి. ఎం.ఫిల్.లను రద్దు చేసిన యూజీసీ దానికీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్.కూ 2025-26 వరకే సడలింపు ఇచ్చింది. కౌన్సిల్ కొత్తగా క్లినికల్ సైకాలజీలో ఎం.ఏ., సై.డి. (డాక్టరేట్) లాంటి కోర్సులు తెచ్చింది. మామూలు ఎం.ఏ. సైకాలజీ ఒక్కటే ఈ నమోదుకు చాలదు. కాలేజీవాళ్లు 'గుర్తింపు వచ్చేస్తోంది' అంటే నమ్మకుండా కౌన్సిల్ జాబితాలో ఆ కోర్సు పేరు చూసుకున్నాకే ఫీజు కట్టండి. దూరవిద్యలో సైకాలజీ ఆలోచన ఉంటే మానుకోండి. 2025 జూలై నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీ కొత్త ప్రవేశాలను యూజీసీ ఆపేసింది.

రెండోది ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్‌లో పీజీ. మీ ఉత్తరం చదివాక నా మొగ్గు దీనివైపే. ఇందులో రెండేళ్లూ వారంలో కొన్ని రోజులు ఫీల్డ్‌వర్క్ ఉంటుంది. ఆసుపత్రి, ఊరు, కోర్టు, పింఛను, పట్టా అన్నీ మీ పనిలోకి వస్తాయి. ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల్లో ఉంది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో మానసిక ఆరోగ్యం, దళిత-ఆదివాసీ అధ్యయనాలు ప్రత్యేక విభాగాలుగా ఉన్నాయి. దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరి ప్రాంతంలో తీసుకుంటారు. ఎం.ఎస్.డబ్ల్యూ. తర్వాత మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ ఉంటేనే చట్టం దృష్టిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్. ఎం.ఫిల్. స్థానంలో ఏం వస్తుందో మీరు పీజీ రెండో ఏట ఉండగా మళ్లీ ఆరా తీయండి. ఆరోగ్య అనుబంధ వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టంలో సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్ల పేర్లు ఉన్నాయి కాబట్టి దారి మూసుకుపోదు.

ఉద్యోగాల మాట దాచను. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైంది, అందులో మన మెదక్ ఒకటి. ఆ బృందాల్లో సోషల్ వర్కర్ పోస్టు ఉంటుంది. కానీ చాలావరకు కాంట్రాక్టు పద్ధతే. ఫోనులో మానసిక సాయం అందించే ప్రభుత్వ టెలిమానస్ కేంద్రాలు, గురుకులాలు, స్వచ్ఛంద సంస్థలు మిగతా చోట్లు. మొదటి మూడు నాలుగేళ్లు జీతం గురించి గొప్పగా చెప్పుకునేందుకు ఏమీ ఉండదు. అయితే 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవారు దేశంలో 29 లక్షలకు పైగా ఉన్నారు. వారితో వారి భాషలో మాట్లాడగలిగిన శిక్షణ పొందిన మనిషిని వెతికితే దొరకడం ఎంత కష్టమో మీ మేనత్త విషయంలోనే చూశారు. ఖర్చుకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. పీహెచ్‌డీ దాకా వెళ్తే ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తోంది.

మీ అమ్మగారి మాటను తీసిపారేయకండి. నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం విలువ ఆమెకు తెలిసినంతగా నాకు తెలియదు. ఆశ్రమ పాఠశాలలో పిల్లల దిగులు గుర్తుపట్టే గోండు టీచరు కూడా ఇదే పని చేసినట్టు. కానీ బీఈడీ, ఎం.ఎస్.డబ్ల్యూ. రెండూ వెంటవెంటనే అంటే నాలుగేళ్లు. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. ముందు ఎం.ఎస్.డబ్ల్యూ. చేయండి, బీఈడీ తలుపు తర్వాత కూడా తెరిచే ఉంటుంది. ఈ క్రమం ఆమెకు విడమరిచి చెప్పండి.

మీ మేనత్తను మాత్రం మీ చదువు పూర్తయ్యేదాకా ఆపకండి. మాత్రలు వాడుతున్నారో లేదో కనుక్కోండి, హఠాత్తుగా మాన్పించకండి. టెలిమానస్ నంబరు 14416, ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. మీరే పక్కన కూర్చుని ఆమె మాటను తెలుగులోకి, వారి మాటను గోండిలోకి మార్చండి. మళ్లీ ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీరూ లోపలికి వెళ్లండి. ఆమె ఎప్పటి నుంచి దేనికి దూరమైందో ముందే ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి: పొలానికా, దండారికా, వంట దగ్గరికా.

ఈ జవాబును మీ అమ్మగారికీ తాతగారికీ గోండిలో చదివి వినిపించండి. ఏ మాట దగ్గర ఆగి వెతుక్కోవలసి వచ్చిందో, అప్పుడు తాతగారు ఏ మాట అందించారో రాసిపెట్టుకోండి. వీలైతే ఆ జాబితా నాకూ పంపండి.