పాత బుల్లెట్ ఇంజన్ కేసును బ్లాస్టింగుకు ఇచ్చే ముందు

ప్రశ్న: మా నాన్నగారు 1974లో కొన్న బుల్లెట్ 350 ఇరవై ఏళ్ళుగా వసారాలోనే ఉండిపోయింది. ఈ మధ్యనే ఇంజన్ దించి విప్పించాను. ఇంజన్ భాగాలను మూసి ఉంచే అల్యూమినియం పెట్టె రెండు సగాలు, అంటే కేసులు రెండూ నల్లబడి, మడ్డి గడ్డకట్టి ఉన్నాయి. గేట్లకు, గ్రిల్లులకు గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి శుభ్రం చేసే (బ్లాస్టింగ్) షాపువారు "ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి, సాయంత్రానికి కొత్తదానిలా చేసి ఇస్తాం" అంటున్నారు. మా మెకానిక్ మాత్రం బేరింగులు, స్టడ్లు (తల లేని మర కడ్డీలు) అన్నీ ఊడదీసిన తర్వాతే ఇవ్వాలంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మెకానిక్ మాటే వినండి. అయితే ఆయన అన్న "అన్నీ" అనే మాటను మాత్రం కాస్త సవరించుకోవాలి. తీయవలసినవి తీయకపోతే ఎంత నష్టమో, తీయకూడనివి బలవంతంగా పెరికితే కూడా అంతే నష్టం.

ముందుగా ఇసుక సంగతి చెబుతాను. గేటు ఇనుముకు పనికివచ్చే ఇసుక అల్యూమినియం కేసుకు పనికిరాదు. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7, కేసు లోహం అందులో సగం కూడా ఉండదు. అందువల్ల వాడి అంచులున్న రేణువులు కేసు పైపొరను గీరడంతో ఆగకుండా అందులోనే గుచ్చుకుని ఉండిపోతాయి. పైగా పొడి ఇసుక కొట్టేటప్పుడు లేచే దుమ్ము వల్ల ఆ పని చేసే కుర్రవాళ్ళకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, దాన్ని నయం చేసే మందు లేదు. మీ కేసులకు గుండ్రని గాజు పూసలతో, 60 పీఎస్ఐకి మించని గాలి ఒత్తిడితో చేసే గ్లాస్ బీడ్ బ్లాస్టింగ్ గాని, నీటితో కలిపి కొట్టే వేపర్ బ్లాస్టింగ్ గాని చేయించండి. రెండింటిలో నేను వేపర్ బ్లాస్టింగునే కోరుకుంటాను. అందులో పూసల తాకిడిని నీరు మెత్తబరుస్తుంది, మెరుపు ఫ్యాక్టరీ పోతకు దగ్గరగా వస్తుంది.

ఇక విప్పడం సంగతి. పాత బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, కేసులోనే ఒక అరగా పోతపోసి ఉంటుంది. అక్కడి నుంచి పంపుకు, పంపు నుంచి క్రాంకుకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసుకు) ఆయిల్ వెళ్ళే దారులన్నీ లోహంలో తొలిచిన సన్నని రంధ్రాలే. ఆ దారిలో ఒక్క చిటికెడు పూసలు నిలిచిపోయినా అవి నేరుగా బిగ్ ఎండ్‌కు (కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చోటుకు) చేరతాయి. ఆ కాలపు బుల్లెట్ బిగ్ ఎండ్‌లో రోలర్లు ఉండవు, ఫ్లోటింగ్ బుష్షు (వదులుగా తిరిగే లోహపు ఉంగరం) ఉంటుంది. పలుచని ఆయిల్ పొర మీద ఆధారపడి తిరిగే ఆ బుష్షుకు గాజు పొడి తగలకూడదు. ఆ పొడి ఎక్కడ దాగి ఉంటుందో, ఏం చేస్తుందో నేను ఒకసారి కళ్ళారా చూశాను. బ్లాస్టింగ్ చేయించి, మూడుసార్లు కడిగామని చెప్పి నా దగ్గర బిగింపుకు ఇచ్చిన కేసు అది. అనుమానం వచ్చి ఎండలో వాలుగా పట్టుకుని చూస్తే పైకి అంతా శుభ్రంగానే కనిపించింది. అడుగు మూసి ఉన్న ఒక బోల్టు రంధ్రంలో ట్యాపును (మర కోసే పనిముట్టును) చేత్తో రెండు చుట్లు తిప్పి బయటికి తీయగానే దాని గాళ్ళ నిండా తడి ముగ్గులాంటి బూడిదరంగు ముద్ద వచ్చింది. ఆ కేసుతో పాటే బ్లాస్టింగ్ చేయించి, ముందే వేరే ఇంజన్‌కు బిగించి నడిపిన టైమింగ్ కవరు (ఆయిల్ పంపు ఉండే పక్క మూత) లోపలి పంపు గీతలు పడి పనికిరాకుండా పోయింది.

కాబట్టి మొదట మడ్డి వదిలించాలి. జిడ్డు మీద పూసలు కొడితే అవి అంటుకుని మూలల్లో సిమెంటులా గట్టిపడతాయి. కిరోసిన్‌తో, గట్టి బ్రష్షుతో ఒక పూట తోమి, తర్వాత పెద్ద గంగాళంలో నీళ్ళు పోసి, కాస్త డిటర్జెంట్ పొడి వేసి, అందులో కేసును ఒక ఇరవై నిమిషాలు మరగనివ్వండి. కిరోసిన్ తోమకం ఒకచోట, పొయ్యి మరొకచోట ఉండాలి, కేసుకు అంటిన కిరోసిన్ కూడా పూర్తిగా ఆరిన తర్వాతే గంగాళం దగ్గరికి తేవాలి.

ఈ మరిగించడంలో మరో లాభం ఉంది. వేడికి అల్యూమినియం దాదాపు ఉక్కుకు రెండింతలు వ్యాకోచిస్తుంది. 62 మి.మీ. వెలుపలి వ్యాసం ఉన్న బేరింగును లెక్కకు తీసుకుంటే, మన ఊళ్ళ 30 డిగ్రీల నుంచి నీరు మరిగే వేడికి వెళ్ళేసరికి దాని చుట్టూ సుమారు 0.04 నుంచి 0.05 మి.మీ. సందు ఏర్పడుతుంది. బేరింగు పట్టు వదలడానికి మామూలుగా అది చాలు. మందపాటి గుడ్డతో కేసును పట్టుకుని, చెక్క పలక మీద బోర్లించి ఒక్కసారి తట్టితే బేరింగు దానంతట అదే జారిపడుతుంది. సుత్తి, ఉలి పెట్టి కొట్టిన చోటల్లా బేరింగు గూడు చెడుతుంది, ఆ గూడును మళ్ళీ లేత్ మీద బుష్షు వేసి సరిచేయడం ఖర్చుతో కూడిన పని. గ్యాస్ మంట ఒకే చోట పెట్టి వేడి చేయడం మరీ ప్రమాదం, కేసు వంకర పోతుంది.

బేరింగులు, ఆయిల్ సీళ్ళు, సర్క్లిప్పులు (బేరింగును గూడులో పట్టి ఉంచే స్ప్రింగు రింగులు), ఆయిల్ దారుల చివరనున్న ప్లగ్గులు, డ్రెయిన్ బోల్టులు, ఆయిల్ వడకట్టే జాలీలు, బ్రీదరు (కేసు లోపలి గాలి బయటికి పోయే గొట్టం), వీటిలో ఏ ఒక్కటీ లోపల మిగలకూడదు. ప్లగ్గులను మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. అవి తీస్తేనే దారి ఆ చివర నుంచి ఈ చివరకు గాలి కొట్టి, సన్నని బ్రష్షు దూర్చి చూడడానికి వీలవుతుంది.

స్టడ్ల విషయంలో తొందరపడకండి. రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, కేసు వేడిగా ఉండగా తిప్పితే వచ్చేవి వస్తాయి. రాని స్టడ్డును విరగ్గొట్టుకోవద్దు, సైకిల్ ట్యూబు ముక్క తొడిగి అలాగే వదిలేయండి. కామ్ స్పిండిళ్ళు (వాల్వులను కదిలించే కామ్‌లు తిరిగే ఇరుసులు), ట్యాపెట్ గైడ్లు (ట్యాపెట్లు పైకీ కిందికీ జారే గొట్టాలు) కూడా అరుగుదల లేకుండా గట్టిగా ఉంటే వాటి జోలికి పోవద్దని నా గట్టి అభిప్రాయం. ఒకసారి పెరికితే మళ్ళీ అదే నిటారుతనంతో కూర్చోబెట్టడం అందరి చేతా అయ్యే పని కాదు. కంచు బుష్షులు కూడా అంతే. కంచు వ్యాకోచం ఉక్కు కన్నా ఎక్కువ కనుక అవి వేడికి అంత సులువుగా రావు, లాగి తీస్తే కొత్తవి వేసి రీమరుతో రంధ్రాన్ని సరైన కొలతకు తేవాల్సి వస్తుంది.

మిగిలిన వాటిని కప్పాలి. బేరింగు గూళ్ళకు చెక్క బిళ్ళలు, త్రెడ్డు రంధ్రాలకు పాత బోల్టులు, ప్యాకింగు అంచులకు రెండు మూడు పొరల టేపు వాడండి. కేసు లోపలి భాగానికి బ్లాస్టింగ్ అక్కరలేదు, లోపలి నలుపు ఎవరికీ కనిపించదు, ఇంజన్‌కు హానీ చేయదు. ఇంజన్ నంబరు చెక్కిన చోటు మీద మాత్రం మందపాటి రబ్బరు అతికించి, ముందుగా ఫొటో తీసి పెట్టుకోండి. ఆర్‌సీలోని నంబరుతో కేసు మీది అంకెలు పోల్చి చూసే రోజు వచ్చినప్పుడు అవి మసకబారి ఉంటే మీరు ఎంత చెప్పినా అనుమానం తీరదు. మీ బండికి 50 ఏళ్ళు నిండాయి కనుక 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద రిజిస్ట్రేషన్‌కు వెళ్ళాలనుకుంటే ఆ అంకెలు మరింత విలువైనవి.

కేసు తిరిగి వచ్చాక మళ్ళీ వేడినీళ్ళు, మళ్ళీ కంప్రెసర్ గాలి, ప్రతి రంధ్రంలో ట్యాపు. ఇక్కడ ఒక హెచ్చరిక. పాత బుల్లెట్‌లో బ్రిటిష్ త్రెడ్లు (మరలు) ఉంటాయి. విట్‌వర్త్ అనే బ్రిటిష్ రకం మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ మర కోణం 60. అందుబాటులో ఉంది కదా అని మెట్రిక్ ట్యాపు దూరిస్తే యాభై ఏళ్ళు నిలిచిన త్రెడ్డు ఒక్క నిమిషంలో పోతుంది. పిచ్ గేజీతో (మర రకాన్ని సరిచూసే పళ్ళ పలకలతో) చూసుకున్నాకే ట్యాపు పట్టుకోండి.

ప్రశ్న: నా జావా 250 కేసులకు బ్లాస్టింగ్ చేయించి బిగించాను. బండి స్టార్టవుతుంది గాని ఐడిలింగ్ నిలవదు, వేడెక్కితే రేసు దానంతటదే పెరుగుతోంది. కేసులు కలిసే అంచులు బ్లాస్టింగ్ తర్వాత గరుకుగా కనిపించాయి. అదే కారణమా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి అదే మొదటి అనుమానం, కాబట్టి బండిని ఇక నడపకండి. జావాది టూ స్ట్రోక్ ఇంజన్, అందులో కేసు కూడా ఒక పంపులా పనిచేస్తుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు కేసులోకి వచ్చి, పిస్టన్ కిందికి దిగేటప్పుడు నొక్కుకుని పైకి వెళుతుంది. అంచుల సందుల్లోంచి బయటి గాలి చొరబడితే పెట్రోలు పాలు తగ్గుతుంది, పెట్రోలుతో పాటు వచ్చే ఆయిల్ కూడా తగ్గుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. క్రాంకు సీళ్ళు లీకైనా ఇవే లక్షణాలు కనబడతాయి కనుక విప్పినప్పుడు వాటినీ చూడండి. అంచు గరుకుతనం పైపైనే ఉంటే మందపాటి అద్దం మీద నున్నని ఎమరీ కాగితం పరచి, డోవెల్ పిన్నులు (రెండు సగాలను సరిగ్గా కలిపే చిన్న పిన్నులు) తీసి, కేసును ఎనిమిది అంకె ఆకారంలో తేలికగా తిప్పుతూ సమం చేయవచ్చు. గుంటలు పడి ఉంటే లేత్ వర్క్‌షాపు పనే. మైసూరులో ఈ బండ్లను తయారుచేసిన కంపెనీ 1996లోనే మూతపడింది, ఆ కంపెనీ నుంచి కొత్త కేసు వచ్చే దారి లేదు, అందుచేత ఉన్నదాన్ని తక్కువగా అరగదీయండి.

ప్రశ్న: బ్లాస్టింగుకు ముందు జిడ్డు పోతుందని కాస్టిక్ సోడా నీళ్ళలో రాత్రంతా కేసు నానబెట్టాను. పొద్దుటికి నల్లగా మారింది. బ్లాస్టింగ్ చేస్తే పోతుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నలుపు పోతుంది. కాని కాస్టిక్ సోడా జిడ్డుతో పాటు అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది, ఆ క్రమంలో మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. మూసిన గదిలో మళ్ళీ ఎన్నడూ ఆ పని చేయకండి. ఇప్పుడు కేసును ధారాళంగా నీళ్ళతో కడిగి ఆరబెట్టి, బ్లాస్టింగుకు డబ్బు పెట్టే ముందు లేత్ వర్క్‌షాపులో బేరింగు గూళ్ళ కొలత తీయించండి. కొత్త బేరింగు చల్లని కేసులోకి చేతి ఒత్తిడితోనే దూరిపోతుంటే, ముందు ఆ గూళ్ళకు బుష్షు వేయించడమే మీ మొదటి పని.