ఫోల్డర్ల బొమ్మ రిపోర్టులో ఎలా పెట్టాలి?

ప్రశ్న: ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. కాలేజీ బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే యాప్ నలుగురం కలిసి చేశాం. ఫోన్‌లో పైకి కనిపించే భాగం రియాక్ట్‌తో, వెనక సర్వర్ భాగం నోడ్‌తో రాశాం (రెండూ జావాస్క్రిప్ట్ సాధనాలే). రిపోర్టులో ఫోల్డర్ల అమరిక బొమ్మగా ఉండాలన్నారు. ఎడిటర్‌లో ఎడమ పక్క కనిపించే జాబితాను స్క్రీన్‌షాట్ తీసి పెడితే మా గైడ్ మేడమ్ కొట్టేశారు. ఫోల్డర్లను చెట్టులా గీసి చూపించే ట్రీ కమాండ్ ఇస్తే ఎంతసేపటికీ ఆగదే! ఏం చేయాలి సార్?
– ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: మేడమ్ కొట్టేయడం న్యాయమేనమ్మా. నల్లటి తెర మీది బూడిద రంగు అక్షరాలు జిరాక్స్ తీశాక ఎవరికి కనిపిస్తాయి? పైగా రేపు మీలో ఒకరు ఒక్క ఫైలు పేరు మారిస్తే బొమ్మ మళ్లీ మొదటి నుంచి తీయాలి. అక్షరాలతో గీసిన చెట్టయితే ఆ ఒక్క వరుస దిద్దుకుంటే సరిపోతుంది.

ట్రీ ఆగకపోవడానికి కారణం నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్. అందులో ఉన్నదేదీ మీరు రాసింది కాదు, నోడ్‌కు కావలసిన ఇతరుల కోడ్ తెచ్చిపెట్టే ఎన్‌పీఎం దింపి పెట్టింది. విండోస్‌లో ఉన్న ట్రీకి ‘ఇది వదిలెయ్’ అనో, ‘రెండు అంతస్తుల దాకా చాలు’ అనో చెప్పే వీల్లేదు. దానికి తెలిసినవి రెండే: /ఎఫ్ పెడితే ఫైళ్లు కూడా చూపిస్తుంది, /ఏ పెడితే గీతల గుర్తుల బదులు మామూలు కీబోర్డు గుర్తులు వాడుతుంది. ఫలితాన్ని నోట్‌ప్యాడ్ ఫైల్లోకి పంపేటప్పుడు ఈ /ఏ తప్పకుండా పెట్టండి. లేదంటే గీతల చోట పిచ్చి అక్షరాలు పడతాయి.

లినక్స్ ట్రీ ఇంకా తెలివైనది. -ఎల్ 2 అంటే రెండు అంతస్తుల దగ్గర ఆగుతుంది, -ఐ తర్వాత పేరిస్తే ఆ ఫోల్డర్ జోలికి పోదు (ఎల్, ఐ రెండూ ఇంగ్లిషు పెద్ద అక్షరాలే). మీ నలుగురిలో ఎవరి దగ్గరైనా ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఉంటే పని వాళ్లకప్పగించండి. ఎవరికీ లేదా? ప్రాజెక్టు గిట్‌లో (కోడ్ మార్పులను దాచిపెట్టే సాధనం) ఉంటే కొత్త ఫోల్డర్లోకి ఒకసారి క్లోన్ చేసుకోండి, అంటే కాపీ దింపుకోండి. గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ వదిలెయ్యాల్సినవాటి జాబితాలో, రాసిన నోడ్ మాడ్యూల్స్, పాస్‌వర్డులుండే ఎన్వ్ ఫైలు ఆ కాపీలోకి రావు. అక్కడ ట్రీ నడిపితే మీ చేత్తో రాసిందే మిగులుతుంది.

అయినా కమాండ్ ఇచ్చింది ఇచ్చినట్టు రిపోర్టులో దించొద్దు. అసలు పని అక్కడి నుంచే. బొమ్మల ఫోల్డర్లో నలభై ఐకాన్లుంటే నలభై వరుసలు ఎందుకు, ఫోల్డర్ పేరు చాలు. కొత్తగా చేరినవాడు మొదటి రోజు ఏ ఫైలు తెరవాలో అది మాత్రం ఉండి తీరాలి. ప్రతి వరుస పక్కన అది ఎందుకుందో నాలుగు మాటలు రాయండి. మీ యాప్‌కైతే నేను ఇలా గీస్తాను:

బస్‌యాప్
├── క్లయింట్ – విద్యార్థి ఫోన్‌లో కనిపించేది
│   ├── పేజెస్ – లాగిన్, మ్యాప్, రూట్ల జాబితా
│   └── ఐకాన్స్
├── సర్వర్
│   ├── ఇండెక్స్.జేఎస్ – ఇక్కడి నుంచి చదవడం మొదలుపెట్టండి
│   ├── రూట్స్ – ఫోన్ అడిగేవాటికి జవాబులు
│   └── జీపీఎస్ – డ్రైవర్ ఫోన్ పంపే లొకేషన్ అందుకునేది
└── రీడ్‌మీ – ఇన్‌స్టాల్ చేసే పద్ధతి

‘రూట్స్’ అంటే బస్సు రూట్లనుకునే ప్రమాదం మీ ప్రాజెక్టులో బాగా ఉంది. పక్కన రాసిన నాలుగు మాటలు లేకపోతే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇక వర్డ్‌లో పెట్టేటప్పుడు. రిపోర్టంతా టైమ్స్ న్యూ రోమన్, వరుసల మధ్య ఒకటిన్నర ఎడం అని కాలేజీలు పట్టుబడతాయి. ఆ ఎడంతో నిలువు గీతలు ముక్కలు ముక్కలవుతాయి. చెట్టున్న భాగం వరకు ఇంగ్లిషు అక్షరాలన్నీ ఒకే వెడల్పులో ఉండే కన్సోలాస్ ఫాంటు, సింగిల్ స్పేసింగ్ పెట్టండి. పక్క వివరణలు తెలుగులో రాస్తే స్పేస్‌బార్ కొట్టి వాటిని ఒక నిలువు వరుసలోకి తేవాలని చూడకండి. ‘స్త్రీ’కీ ‘క’కీ వెడల్పు ఒకటి కాదు గనక ఎంత కొట్టినా కుదరదు. పేరు తర్వాత చిన్న గీత పెట్టి ముందుకెళ్లండి.

ప్రశ్న: డిస్కు నిండినప్పుడు, ఏ ఫైలు ఎంత చోటు తింటోందో చూపించే విన్‌డిర్‌స్టాట్ ప్రోగ్రాంలో రంగు రంగుల గళ్లు కనిపిస్తాయి కదా, చాలా అందంగా ఉంటుంది. మా ప్రాజెక్టు డాక్యుమెంటులో చెట్టు బదులు అది పెడితే ఎలా ఉంటుంది?
– ఓ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అందానికేం, ఉంటుంది. కానీ అది పుట్టింది వేరే పనికి. 1990లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ ల్యాబులో పద్నాలుగు మంది పంచుకునే 80 మెగాబైట్ల డిస్కు నిండిపోయింది. ఎవరి ఫైళ్లు ఎంత చోటు తింటున్నాయో ఒక్క చూపులో తెలియడానికి ఆయన ఈ గళ్ల పటం ఆలోచించాడు. అంటే అది చూపించేది బరువు. మీ పరిచయ వీడియో సగం పేజీ ఆక్రమిస్తుంది, ప్రాజెక్టంతా ఆధారపడిన రెండు కిలోబైట్ల సెట్టింగుల ఫైలు చుక్కైనా కనబడదు. బ్యాకప్ ఎంత అవుతుందో మేనేజరుకు చెప్పాలంటే పెట్టండి. ఏది ఎక్కడుందో చెప్పడానికి మాత్రం వద్దు.

ప్రశ్న: పాఠాల రికార్డింగులు పాఠం1 నుంచి పాఠం12 దాకా ఫోల్డర్లలో పెట్టాను. విండోస్‌లో వరుసగానే ఉన్నాయి. ట్రీతో జాబితా తీస్తే 1, 10, 11, 12, తర్వాత 2 అని వస్తోంది. కంప్యూటర్ పాడైందా?
– ఓ ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: నిక్షేపంలా ఉంది మాస్టారూ. ఫోల్డర్ విండో అంకెల విలువ చూసి పేరుస్తుంది. ట్రీ అక్షరం వెనక అక్షరం పోల్చుకుంటూ పోతుంది, దానికి 10లో మొదటి గుర్తు 1, అది 2 కంటే ముందే. పాఠం01, పాఠం02 అని పేర్లు మార్చండి, రెండు చోట్లా ఒకే వరుస వస్తుంది. పాఠాలు వంద దాటేలా ఉంటే ఇప్పుడే 001తో మొదలుపెట్టండి.