లార్వాల నూనె చర్మానికి పనికొస్తుందా?

పురుగుల లార్వాల నుంచి తీసిన నూనెతో క్రీములు చేయడం నిజంగా పర్యావరణానికి మేలేనా, చర్మానికి మంచిదేనా అన్నది ప్రశ్న.

ముందు రోత సంగతి. లిప్‌స్టిక్‌లో తేనెమైనం, కొన్ని ఎరుపు రంగుల్లో కోచినీల్ పురుగు ఎప్పటినుంచో ఉన్నవే. మన మొహానికి పురుగు కొత్తేమీ కాదు.

ఎక్కువగా పెంచేది బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలను. కూరగాయల తొక్కల్లాంటి వ్యర్థాలు తిని రెండు మూడు వారాల్లోనే బలుస్తాయి. ఎండబెట్టిన లార్వా బరువులో సుమారు మూడో వంతు కొవ్వే. అందులో లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ కాబట్టి గుణంలో అది కొబ్బరినూనెకు దగ్గరి చుట్టం: చల్లబడితే పేరుకుంటుంది, సబ్బు చేస్తే నురగ బాగా వస్తుంది. మీల్‌వార్మ్ (ఒక రకం పెంకుపురుగు లార్వా) నూనె వేరు. ఒలీయిక్, లినోలీయిక్ ఆమ్లాలు ఎక్కువ, మామూలు వేడిలో ద్రవంగానే ఉంటుంది. క్రీముకైతే నా ఓటు దీనికే. ఏదైనా సరే, ముడి నూనెకు వాసన ఉంటుంది, శుద్ధి చేయక తప్పదు.

పర్యావరణ లాభమంతా మేతలోనే ఉంది. వ్యర్థాలతో పెంచితే, క్రీముల్లో, సబ్బుల్లో వాడే పామ్ నూనె తోటల కోసం అడవి నరకాల్సిన అవసరం కొంత తగ్గుతుంది. ధాన్యం పెట్టి, బోలెడు కరెంటుతో ఎండబెడితే ఆ లాభం చాలావరకు ఆవిరే.

రొయ్యలు పడనివాళ్లకు పురుగుల ప్రొటీన్లూ పడకపోవచ్చు. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ చాలా తక్కువే, అయినా ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒకరోజు చూడండి. మొటిమల చర్మమైతే లారిక్ ఎక్కువున్న నూనెను ముఖానికి దూరంగా ఉంచడమే నయం.