టెక్ సందేహాలు: కుంది త్రీడీలోకి, గొంతు ఏఐలోకి

ప్రశ్న: మైలాపూర్‌లో మాది ఇత్తడి సామాన్ల దుకాణం. కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోయిల్ నుంచి వచ్చే నిలువు దీపాలు ఎక్కువగా అమ్ముతాం. కొనేవాళ్లు ఫోన్ పట్టుకుని, తమ పూజగదిలో దీపం ఎలా ఉంటుందో చూసుకునేలా వెబ్‌సైట్‌లో పెట్టాలని ఉంది. త్రీడీ స్కానింగ్ యాప్‌తో ప్రయత్నిస్తే దీపం కరిగిన మైనపు ముద్దలా వస్తోంది. ఖరీదైన ఫోన్ కొనాలా?

జవాబు: కొనకండి. తప్పు ఫోన్‌ది కాదు, ఇత్తడి మెరుపుది. ఈ యాప్‌లు ఒకే చుక్కను చాలా ఫొటోల్లో గుర్తుపట్టి, అది ఎంత దూరంలో ఉందో లెక్కగడతాయి. మెరిసే ఇత్తడి మీద కనిపించేది దీపం తాలూకు చుక్క కాదు, మీ దుకాణంలోని ట్యూబ్‌లైటు. మీరొక అడుగు జరిగితే ఆ మెరుపూ జరుగుతుంది. యాప్ దాన్నే నిజమనుకుని లేని గుంటలు, బొడిపెలు పుట్టిస్తుంది. ఐఫోన్ ప్రో మోడళ్లలో కాంతితో దూరం కొలిచే లైడార్ కూడా ఇక్కడ అక్కరకు రాదు. గదులు కొలవడానికి అది బాగుంటుంది, చిటికెనవేలంత నగిషీ దానికి అందదు.

అసలు దీపం మొత్తాన్ని స్కాన్ చేయనవసరం లేదు. కాడ, పీట లేత్ మీద తిప్పి చేసినవే కాబట్టి ఎటు చూసినా ఒకటే ఆకారం. మూడు మీటర్ల దూరం నుంచి, కెమెరాను దీపం నడుమ ఎత్తులో పెట్టి, 2ఎక్స్ జూమ్‌లో ఒక్క పక్క ఫొటో తీయండి. దగ్గర్నుంచి తీస్తే కింది పీట, పై ప్రమిద వంకరపోతాయి. ఉచితంగా దొరికే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫొటోను వెనక పెట్టుకుని, నడిమి గీత నుంచి ఒక వైపు అంచును మాత్రమే గీయండి. దానికి, గీతను గుండ్రంగా తిప్పి ఆకారం చేసే స్క్రూ మాడిఫయర్ వేసి జెడ్ అక్షం, 360 డిగ్రీలు, 64 స్టెప్పులు ఇస్తే కాడ, పీట తయారు. టైరులా నడుమ బోలుగా వచ్చిందంటే ఆరిజిన్ చుక్క (తిప్పడానికి ఇరుసు) నడిమి గీత మీద లేదన్నమాట. ప్రమిదకున్న ఐదు ముఖాలు ఇలా తిప్పితే రావు. ఒక ముఖం చేసుకుని 72 డిగ్రీల చొప్పున ఐదుసార్లు పేర్చండి.

స్కాన్ చేయాల్సింది పైనున్న హంసను మాత్రమే. దాన్ని మర తిప్పి విడదీసి, మెత్తటి బ్రష్షుతో టాల్కం పౌడర్ పల్చగా అద్ది, మెరుపు పూర్తిగా చంపేయండి. తెల్లగా అయ్యాక గుర్తులుండవు కాబట్టి అక్కడక్కడ కుంకుమ చుక్కలు పెట్టండి. తిరిగే పళ్లెం మీద ఒక దినపత్రిక పరిచి, దాని మీద హంసను ఉంచండి. ఆ అక్షరాలు కూడా హంసతో పాటే తిరుగుతూ యాప్‌కు ఆనవాళ్లవుతాయి. వెనక మాత్రం సాదా గుడ్డ ఉండాలి. వెనక గోడ కదలక, బొమ్మ మాత్రం తిరిగితే యాప్ తికమకపడి ఆకారాన్ని రెండుగా చీల్చేస్తుంది. మూడు ఎత్తుల నుంచి ఒక్కో చుట్టుకు 28 చొప్పున ఫొటోలు చాలు. ఫోకస్, వెలుగు లాక్ చేయండి. ఫ్లాష్, పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. రంగు కోసం స్కాన్‌ను నమ్మకుండా బ్లెండర్‌లో ఇత్తడి రంగు ఎంచుకుని, లోహపు గుణానికి మెటాలిక్ 1, గరుకుకు రఫ్‌నెస్ 0.3 ఇవ్వండి, ఇత్తడి కళ తిరిగి వస్తుంది.

ఇక ఎక్కువమంది తప్పటడుగు వేసేది కొలత దగ్గర. త్రీడీ ఆకారాన్ని వెబ్‌సైట్‌కు పంపే జీఎల్‌బీ ఫైలుకు లెక్క మీటర్లలో ఉంటుంది. 45 సెంటీమీటర్ల దీపం అందులో 0.45 ఉండాలి. మిల్లీమీటర్లలో గీసి అలాగే పంపితే పూజగదిలో 450 మీటర్ల స్తంభం లేస్తుంది! కొలత సరిచేశాక కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి. తర్వాత బ్లెండర్‌లోని డెసిమేట్‌తో ఆకారాన్ని కూర్చిన త్రిభుజాలను లక్షలోపుకి, పైన అతికే టెక్స్చర్ బొమ్మను 2048 పిక్సెళ్లకు, ఫైలును 5 ఎంబీలోపుకి దించండి. పేజీలో గూగుల్ ఉచితంగా ఇచ్చే మోడల్-వ్యూయర్ పెడితే ఆండ్రాయిడ్‌లో ఆ జీఎల్‌బీని అదే చూపిస్తుంది, ఐఫోన్‌కు కావలసిన యూఎస్‌డీజెడ్ ఫైలునూ తానే తయారుచేస్తుంది. అందులో దీపం సైజు మారకుండా ఆపే ‘ఏఆర్-స్కేల్’ను ‘ఫిక్స్‌డ్’లో ఉంచడం మరవకండి. లేకపోతే జనం వేళ్లతో సాగదీసి చూసుకుని, ఇంటికొచ్చిన దీపం చిన్నదంటారు.

ప్రశ్న: వేళచ్చేరిలో ఇంటీరియర్ పనులు చేస్తాను. వీఆర్ హెడ్‌సెట్ దండగా?

జవాబు: మీ పనికి దండగ కాదు. ప్లైవుడ్ కోయకముందే వంటగట్టు ఎత్తు, అల్మరా తలుపు తెరిస్తే నడిచే చోటుందో లేదో ఇల్లాలికి అసలు కొలతలో చూపించొచ్చు. మెటా కంపెనీ క్వెస్ట్ 3 స్థాయి హెడ్‌సెట్ ఒకటి చాలు. నేల ఎత్తు సరిగ్గా సెట్ చేయండి. సీను బరువై సెకనుకు 72 ఫ్రేముల కంటే కిందికి పడిపోతే కళ్లు తిరుగుతాయి. మొదటిసారి కూర్చోబెట్టి ఐదు నిమిషాలే చూపించండి.

ప్రశ్న: పెరంబూర్‌లో ఇంటి నుంచే కంచి పట్టుచీరలు అమ్ముతాను. ఏఐతో మోడల్‌కు చీర కట్టించి ఫొటోలు పెడుతుంటే, ‘అంచు వేరేగా ఉంది’ అని తిప్పి పంపుతున్నారు.

జవాబు: వాళ్లన్నది నిజమే. ఏఐ మీ చీరను కాపీ చేయదు, చూసి మళ్లీ గీస్తుంది. మీ చీర అంచులో జానెడు మేర తొమ్మిది గోపురాలుంటే అది ఏడు గీసి ఊరుకుంటుంది. చీరను దుకాణాల్లో నిలబెట్టే బొమ్మకు నిజంగా కట్టి ఫొటో తీయండి. చీర భాగానికంతా ఏఐ ముట్టుకోకుండా మాస్క్ (ముసుగు) వేసి, వెనకనున్న గోడను మాత్రమే ఏఐతో మార్చండి. పోస్టు చేసేముందు అంచు గోపురాలు, బుటాల ఎడం, పల్లూ చారలు వేలు పెట్టి లెక్కపెట్టి పోల్చుకోండి. రంగు కోసం మొదటి ఫొటోలో చీర పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసే బూడిదరంగు అట్ట) పెట్టి, వైట్ బ్యాలెన్స్ దాంతో సరిచేయండి. పోలరైజర్ ఫిల్టర్ వాడితే పట్టు మెరుపు తగ్గిపోవచ్చు, వద్దు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం చూపించిన లక్షణాలు సరుకులో లేకపోతే వాపసు తీసుకోనని విక్రేత అనకూడదు. పైగా, నేతగాడు రోజుల తరబడి నేసిన అంచును మనం మార్చి చూపించడం అతనికీ అన్యాయమే.

ప్రశ్న: సాలిగ్రామంలో తెలుగు డబ్బింగ్ చెబుతాను. ఒక స్టూడియోవాళ్లు రెండు గంటలు వాక్యాలు చదవమంటున్నారు. ‘ప్రస్తుత, భవిష్యత్ సాంకేతికతలన్నింటిలో శాశ్వతంగా’ వాడుకునే హక్కు రాసివ్వమని ఒక పేజీ ఇచ్చారు. సంతకం పెట్టనా?

జవాబు: ఆ కాగితం మీద పెట్టకండి. ముందు వాళ్లిచ్చిన స్క్రిప్టు చూడండి. పాత్ర లేదు, సన్నివేశం లేదు, ఒకదానితో ఒకటి పొంతన లేని వాక్యాలు. ళ, ణ, ఒత్తులు, ప్రశ్నలు, అంకెలు, తేదీలు అన్నీ తగిలేలా పేర్చి ఉంటే అది డబ్బింగ్ కాదు, మీ గొంతుకు అచ్చు పోయడం. అచ్చు తయారయ్యాక మీరు లేకుండానే మీ గొంతు ఎన్ని ప్రకటనలైనా చెబుతుంది. ఒక రోజు కూలికి ఇచ్చేది కాదది.

1957 కాపీరైట్ చట్టంలోని 38ఏ సెక్షన్ ప్రకారం, సినిమాలో మీ ప్రదర్శన చేర్చడానికి రాసిస్తే, వేరే షరతు లేనప్పుడు, నిర్మాత దాన్ని ‘అదే సినిమాలో’ వాడుకోవడానికి మీరు అడ్డు చెప్పలేరు. ఆ రెండు మాటలే మీకు అండ. 39ఏ ద్వారా, హక్కుల బదిలీ గురించిన 18, 19 సెక్షన్లు ప్రదర్శకులకూ వర్తిస్తాయి. హక్కు రాసిచ్చేటప్పుడు గడువు పేర్కొనకపోతే ఐదేళ్లు, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకే. అప్పటికి లేని వాడుక విధానాన్ని స్పష్టంగా చెప్పకపోతే అది బదిలీ కాదు. ‘శాశ్వతంగా’, ‘భవిష్యత్’ అన్న మాటలు ఆ పేజీలోకి ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది. 2024 జులైలో అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో అనుకరించడాన్ని బొంబాయి హైకోర్టు తాత్కాలికంగా ఆపింది. కానీ ఆ ఉత్తర్వుకు ఆయన ప్రఖ్యాతి బలం. తెర వెనకుండే గొంతుకు ఒప్పంద పత్రమే కంచె.

ఇవ్వదలిస్తే వేరే పత్రం రాయించుకోండి. ప్రాజెక్టు పేరు, ఏడాది గడువు, ఏఐ పలికే నిమిషానికి ఇంతని డబ్బు, మీ గొంతుతో చేసిన ఏఐ మోడల్‌ను ఇతరులకు అమ్మకూడదన్న షరతు, రాజకీయ ప్రచారానికి, అప్పుల యాప్‌లకు, మందుల ప్రకటనలకు నిషేధం, గడువు తీరాక రికార్డింగులు, మోడల్ ఫైళ్లు చెరిపేశామని రాతలో హామీ... ఇవన్నీ అందులో ఉండాలి. కాపీరైట్ తెలిసిన న్యాయవాదికి చూపించండి, యూనియన్‌లోనూ ఒక మాట చెప్పండి. పత్రం తేలేదాకా ‘శాంపిల్ కోసం నాలుగు లైన్లు’ అన్నా చదవకండి. ఈనాటి కొన్ని టూళ్లకు నిమిషంలోపు ఆడియో ఉంటే చాలు.