రైతు వేషం వచ్చిందని అలిగిన అబ్బాయి

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. మా అబ్బాయి నాలుగో తరగతి. వాళ్ల తరగతిలో ఈ వారమంతా మధ్యయుగాల నాటి ఇంగ్లండు జీవితం గురించి పాఠాలు. సోమవారం చీట్లు తీయించి ఒకరిని రాజుగా, కొందరిని ప్రభువులుగా, నైట్లుగా, మిగిలిన వారందరినీ పల్లె రైతులుగా చేశారు. రైతులకు తలా పది బఠానీ గింజలు ఇచ్చి ఒక్కొక్కటే పన్ను కింద వసూలు చేస్తే సాయంత్రానికి మావాడి దగ్గర రెండే మిగిలాయట. "నేనే ఎందుకు విలన్ కావాలి?" అని అలిగి కూర్చున్నాడు. టీచరు గారితో చెప్పి వేషం మార్పించమంటారా? గురువారం ఆ కాలపు దుస్తులు వేసి పంపాలి. శుక్రవారం విందుకు టమాటా సూపు, బంగాళాదుంపల వేపుడు పంపుదామనుకుంటున్నాను, సరిపోతాయా? – ఒక తల్లి

జవాబు: వేషం మార్పించకండి. రాజు వేషం వచ్చిన పిల్లవాడు అట్ట కిరీటం పెట్టుకుని కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు. నేర్చుకోవలసిందంతా మీ అబ్బాయి వంతుకే వచ్చింది.

ముందు ఆ మాట సంగతి చెప్పండి. ప్రభువు భూమికి కట్టుబడి బతికే రైతును అప్పట్లో 'విలన్' అనేవారు. పల్లెలోని పెద్ద కమతాన్ని సూచించే లాటిన్ మాట 'విల్లా' దీనికి మూలం. పైవర్గాల వారు పల్లెటూరివాణ్ణి చిన్నచూపు చూసి చూసి, చివరికి ఆ మాటకే దుర్మార్గుడన్న అర్థం అంటగట్టారు. మన సినిమాల్లో దుష్టుడైన భూస్వామిని మనం పిలిచే పేరు నిజానికి అతని పొలంలో చాకిరీ చేసినవాడిదన్నమాట!

ఇక, పోయిన ఎనిమిది గింజల లెక్క. ఆ రైతు వారంలో రెండు మూడు రోజులు ప్రభువు సొంత పొలంలో కూలి లేకుండా పని చేయాలి. దాన్ని మన ఊళ్లలో వెట్టి అనేవారని, మీ ఇంట్లో పెద్దవారుంటే వారే మీకన్నా బాగా చెప్పగలరు. పండిన దానిలో పదో వంతు చర్చికి పోతుంది. పిండి ప్రభువు మిల్లులోనే ఆడించుకోవాలి, అందుకూ కొంత గింజ సమర్పించుకోవాలి. కూతురి పెళ్లి చేస్తే రుసుము, ఇంటి యజమాని చనిపోతే ఉన్న పశువుల్లో మేలైనది ప్రభువుకు. ఊరి పొలాన్ని సాధారణంగా మూడు భాగాలు చేసి, ఒకదానిలో శరదృతువులో గోధుమ, మరొకదానిలో వసంతంలో బార్లీ, బఠానీ వంటివి వేసి, మూడోదాన్ని బీడుగా వదిలేవారు. విత్తిన గింజకు మూడు నాలుగింతలు పండటమే మామూలు. కాబట్టి మిగిలిన ఆ రెండు గింజలూ మీ అబ్బాయి చేతిలో పెట్టి, "ఈ రెండూ తినేస్తే వచ్చే ఏడు ఏం విత్తుతావు?" అని అడగండి. వాడు ఏం చెబుతాడో నాకూ వినాలని ఉంది.

వాడి అలక పూర్తిగా తీరాలంటే తరువాతి కథ కూడా చెప్పాలి. 1348లో వచ్చిన ప్లేగులో ఇంగ్లండు జనాభాలో మూడో వంతుకు పైగా చనిపోయారు. పొలం పనికి మనుషులు దొరకక కూలి రేట్లు పెరిగాయి. వాటిని అణచడానికి 1351లో చట్టం చేశారు. 1381లో రైతులు తిరగబడి లండను దాకా వెళ్లి, ఈ కట్టుబానిసత్వాన్ని రద్దు చేయమని రాజునే నిలదీశారు. ఆ రాజు రెండో రిచర్డుకు అప్పటికి 14 ఏళ్లు. సరేనని మాట ఇచ్చి, తరువాత తప్పాడు. అయినా కొద్ది తరాలలో ఆ పద్ధతి దానంతటదే సడలిపోయింది.

దుస్తుల కోసం బజారుకు వెళ్లనవసరం లేదు. పాత గోధుమరంగు కుర్తాకు నడుము దగ్గర తాడు కడితే చాలు.

విందు విషయంలో మాత్రం మీ ఆలోచన మార్చుకోవాలి. టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, మిరపకాయ అమెరికా ఖండాలకు చెందినవి. 1492లో కొలంబస్ ప్రయాణం తరువాతే మిగతా ప్రపంచానికి చేరాయి. ఇంగ్లండు మాట అటుంచి, మన కాకతీయుల వంటింట్లోనూ పచ్చిమిరపకాయ లేదు. బార్లీని, ఎండు బఠానీలను రాత్రి నానబెట్టి, పొద్దున ఉల్లిపాయ, క్యాబేజీ, ఉప్పు వేసి జావలా మెత్తగా ఉడికించండి. రైతు కుటుంబం ఇంచుమించు రోజూ తిన్నది ఇలాంటిదే. ఎవరికైనా పడని పదార్థాలున్నాయేమో టీచరు గారిని అడగండి. చెంచా ఇవ్వండి, ఫోర్కు వద్దు. ఆ బల్లల మీద అది ఉండేది కాదు. రుచి చప్పగా ఉందని మిరియాల పొడి చల్లబోతారేమో! మన మలబారు తీరం నుంచి చేతులు మారుతూ అంత దూరం చేరే మిరియాలు అక్కడ బాగా ఖరీదు. కావాలంటే చిన్న పొట్లం కట్టి విడిగా పంపండి, రాజుగారి గిన్నెలో చల్లుకుంటారు.