ఓడిన చేప రంగు

విజయనగరం

తమ్ముడూ,

పొలం గట్టు కోసం అన్నదమ్ములు కొట్టుకునే నీ కథ రెండుసార్లు చదివాను. ఆముదాలవలస మాట బాగా పలికింది. కొట్లాట మాత్రం మూడు పేజీలు లాగావు. అన్న గెలిచేసరికి కథ ఆపేశావు. నన్నడిగితే కథ అక్కడే మొదలవ్వాలి.

నవ్వుకోకు, చేపల సంగతి చెబుతాను. కిందటేడు పెద్ద చెరువు దగ్గర బతికున్న జిలేబీ (తిలాపియా) చేపలు రెండు, మగవే రెండూ, కొని గాజు తొట్టెలో వేశాను. (పులుసుకనుకుని మీ వదిన మసాలా కూడా నూరేసింది.) ముందు పక్కపక్కన నిలబడి, రెక్కలు విప్పి ఒంటి కొలత చూపించుకున్నాయి. తోకతో ఒకదాని మీదికొకటి నీళ్లు కొట్టుకున్నాయి. ఆఖర్న నోరూ నోరూ కరుచుకుని తోసుకున్నాయి. అంతా కలిపి టీ చల్లారేంత సేపు! గెలిచింది కారునలుపు తిరిగింది. ఓడింది రెక్కలు ముడిచి మూలకు పోయింది, ఒళ్లు వెండిలా వెలిసిపోయింది. మర్నాటి నుంచి కొట్లాటే లేదు. నల్లది కాస్త ఇటు తిరిగితే చాలు, తెల్లది దారిచ్చేసేది. మేత వేసినా ముందు అటు చూసేది.

ఆ చూపు నీ కథలో తమ్ముడికి లేదు. ఒకసారి ఓడిన చేప, కొత్తదాని ముందు కూడా తేలిగ్గా తగ్గుతుంది. చాలా జాతుల్లో గెలిచిన ఊపు తొందరగా దిగిపోతుంది గానీ ఓడిన దెబ్బ నిలుస్తుంది. సంతలో వంకాయల బేరం దగ్గర కూడా ఆ తమ్ముడెందుకు తగ్గుతాడో రాయి.

'అన్నది పుట్టుకతోనే పులి స్వభావం' అన్న వాక్యం కొట్టేయ్. 2002లో ఐవన్ చేజ్ అనే పరిశోధకుడి బృందం ఆఫ్రికాలోని మలావీ సరస్సు జాతి చేపల్ని నాలుగేసి కలిపి, ఏది దేని మీద పైచేయో ఆ వరస తేలాక విడదీసి, రెండు వారాలకు మళ్లీ ఆ నాలుగింటినే కలిపింది. చాలా గుంపుల్లో వరస మారిపోయింది. చేపలు అవే, స్వభావాలూ అవే!

నీ కథలో చూసేవాళ్లేరి? పశువులు కాసే గుంటడొకడు గట్టు మీదే ఉన్నాడు, ఒక్క ముక్కా పలికించలేదు. ఆఫ్రికాలోనే టాంగన్యీకా సరస్సు చేపల్లో, ఇతరుల తగువులు గాజు పలకలోంచి చూసిన మగ చేప, తానెన్నడూ కలబడగా చూడని జంటలో కూడా ఏది బలహీనమో పోల్చుకోగలదని 2007లో తేల్చారు. మరి ఆ గుంటడు మర్నాటి నుంచి తమ్ముణ్ణి ఏమని పిలిచాడు?

తిరగరాసి పంపు. మొన్న తొట్టెలో మూడో చేపను వేశాను. రెండు రోజులుగా అక్కడే కూర్చున్నాను, ఉత్తరం ఆలస్యమైంది అందుకే.

మీ అన్నయ్య