నట్టు బిగించాక కొంచెం వెనక్కి తిప్పు

చిరంజీవి అల్లుడికి, మామ దీవెనలు.

ట్రాలీ ఎడమ చక్రంలో గరగర వస్తోందని, అయినా రేపే మిర్చి లోడుతో ఎనుమాముల మార్కెట్‌కు పోతానని ఫోన్‌లో అన్నావు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ శబ్దం పెట్టుకొని బస్తా కూడా ఎక్కించకు. ఒక పూట ఆగితే బేరింగు ఖర్చుతో పోతుంది. ఆగకపోతే ఇరుసే అరిగిపోతుంది.

ట్రాలీ ఖాళీగా ఉన్నప్పుడు చదును నేల మీద నిలిపి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టు. జాకీని నమ్మి కింద చేయి పెట్టకు, ఇరుసు కింద దుంగ పెట్టాకే పని మొదలుపెట్టు. టైరును ఒక చేత్తో పైన, ఒక చేత్తో కింద పట్టుకొని ఊపి చూడు. టకటకమంటే ప్లే, అంటే వదులు, వచ్చినట్టు. తర్వాత చక్రం తిప్పుతూ ఇంకో చేయి ఇరుసు మీద ఆనించు. గరుకు ఉంటే అరచేతికే తెలుస్తుంది. ప్లే ఒక్కటే అయితే నట్టుతో సరిచేయవచ్చు. గరుకు ఉంటే విప్పాల్సిందే. నట్టు బిగిస్తే శబ్దం నాలుగు రోజులు అణుగుతుంది కానీ రోగం పోదు.

విప్పిన బేరింగును డీజిల్‌లో కడిగి, ఆరబెట్టి, ఎండలో పట్టి చూడు. రోలర్లు నున్నగా మెరవాలి. గుంటలు పడినా, పెచ్చులు లేచినా, నీలం రంగు తిరిగినా పక్కన పెట్టెయ్. నీలం వచ్చిందంటే వేడికి ఉక్కు పదును పోయినట్టే. కొత్తది వేస్తే హబ్‌లోని, అంటే చక్రం నడిమి గుండులోని, కప్పు కూడా మార్చు (రోలర్లు దొర్లే బయటి రింగు అదే), పాత కప్పులో కొత్త బేరింగు నిలవదు. నంబరు బేరింగు అంచు మీదే ఉంటుంది, పాతది చేతిలో పట్టుకొనే షాపుకు పో. గ్రీజు కారకుండా ఆపే ఆయిల్ సీలు మాత్రం ఎలా ఉన్నా కొత్తదే వెయ్.

గ్రీజు పైపైన పూస్తే సరిపోదు. అరచేతిలో ముద్ద పెట్టుకొని, బేరింగు వెడల్పు వైపును దానికేసి నొక్కుతూ పో. సన్న వైపున రోలర్ల సందుల్లోంచి గ్రీజు పురుగుల్లా బయటికి రావాలి. చుట్టూ అలాగే చెయ్. పాత గ్రీజంతా తుడిచేశాకే కొత్తది పెట్టు, రెండు రకాలు కలిస్తే పలుచబడి కారిపోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, బిగింపు. పాతికేళ్ల కింద నేను కొత్త బేరింగులు వేసి, గట్టిగా ఉంటే మంచిదనుకొని పానా మీద బలమంతా పెట్టి బిగించాను. మర్నాడు పత్తి లోడుతో నర్సంపేట రోడ్డు మీద వస్తుంటే హబ్‌లోంచి పొగ లేచింది. పైన పత్తి, కింద నిప్పులాంటి ఇనుము. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి సాయం పట్టి లోడు దింపబట్టి బయటపడ్డాను. ఆ మాడు వాసన ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే చెప్తున్నా. చక్రం తిప్పుతూనే నట్టు బిగించు, అప్పుడే రోలర్లు సరిగా కూర్చుంటాయి. తిప్పడం బరువైందా, నట్టు వదులు చేసి మళ్లీ వేళ్లతోనే బిగించు. నట్టు ఊడకుండా దూర్చే పిన్ను రంధ్రం కలవకపోతే ముందుకు కాదు, వెనక్కి తిప్పి దగ్గరి గాడిలో కలుపు. లోపల 0.1 మిల్లీమీటరు దగ్గర సందు ఉండాలి, వేడికి ఇనుము సాగినప్పుడు అదే కాపాడుతుంది. పాత పిన్ను వంచి మళ్లీ వాడకు, అది విరిగితే నట్టు ఊడుతుంది.

ఖాళీ ట్రాలీతో అయిదు కిలోమీటర్లు తిప్పుకొచ్చి, ముందు వేలి కొసతో హబ్‌ను తాకి చూడు. గోరువెచ్చగా ఉంటే లోడు ఎక్కించు. చేయి ఆనకపోతే మళ్లీ విప్పు.

వరి పొలంలో దమ్ము అయిపోయాక ట్రాక్టరు ముందు చక్రాలు కూడా విప్పి చూడు. రోజుల తరబడి బురదలో మునిగే హబ్‌లోకి నీళ్లు దిగుతాయి. గ్రీజు పాలలా తెల్లబడి కనిపిస్తే నీళ్లు చేరినట్టే.

అనుమానం వస్తే హబ్ విప్పి అలాగే ఉంచి ఫోన్ చెయ్. మొదటి బస్సుకే వస్తా.

మీ మామ